అరబ్బీ నవలను ఆడవాళ్ల వైపు నుంచి చదవడం: నాలుగు ఆదివారాల పద్ధతి

విశాఖలో ఆరుగురు కూడి చదవాలంటే నాలుగు ఆదివారాలు, పూటకు రెండు గంటలు చాలు. ఇంగ్లీషు అనువాదాల కోసం ముందు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడగండి. లేకపోతే పుస్తకానికి రెండు కాపీలు కొని చేతులు మార్చుకోండి.

మొదట నవాల్ ఎల్ సాదావి ‘ఉమన్ ఎట్ పాయింట్ జీరో’ తీసుకోండి. నూరు పేజీలకు కాస్త అటూఇటూ ఉంటుంది. తరువాత నజీబ్ మహఫూజ్ 1956 నాటి ‘ప్యాలెస్ వాక్’. అది లావు పుస్తకం కాబట్టి అందరికీ వీలుకాకపోతే ఇంటి ఇల్లాలు అమీనా ఉన్న అధ్యాయాలతో సరిపెట్టుకోండి. చివర జోఖా అల్‌హార్తి ‘సెలెస్టియల్ బాడీస్’.

మొదటిసారి కథ కోసం చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, కథ ఎవరి నోట వస్తోందో మార్జిన్‌లో రాయండి. అసలు పని ఇదే, తొందరపడొద్దు. సాదావి నవలలో ఉరిశిక్ష పడిన ఖైదీ ఫిర్దౌస్ తన కథ తానే చెబుతుంది, కానీ దానికి ముందూ వెనకా జైలుకు వచ్చిన డాక్టరమ్మ గొంతు ఉంటుంది. ఒమన్ నేపథ్యంలో సాగే అల్‌హార్తి నవలలో ముగ్గురు అక్కచెల్లెళ్ల జీవితాలున్నా, ‘నేను’ అంటూ మాట్లాడేది పెద్దక్క భర్త అబ్దుల్లా ఒక్కడే. ఒక స్త్రీ రాసిన నవలలో ‘నేను’ మగవాడికి ఎందుకు దక్కిందో ఒక పూటంతా మాట్లాడుకోండి. వీలైతే తయ్యిబ్ సాలిహ్ 1966 నవల ‘సీజన్ ఆఫ్ మైగ్రేషన్ టు ది నార్త్’ కూడా చూడండి. ఇష్టంలేని ముసలివాడికి కట్టబెట్టిన హుస్నా ఆఖరి రాత్రి మనకు ఆమె నోట వినబడదు, ఊరివాళ్ల నోట వినబడుతుంది.

రెండో ఆదివారం కదలికల పటం గీయండి. ‘ప్యాలెస్ వాక్’లో అమీనా, భర్త ఊళ్లో లేని రోజున, కైరోలోని హుసేన్ మసీదుకు వెళుతుంది, దారిలో కారు తగిలి మెడ కింది ఎముక విరుగుతుంది. ఎముక అతుక్కున్నాక భర్త ఆమెను పుట్టింటికి పంపేస్తాడు. ఒక కాగితం మీద ఆమె ఇల్లు, జాలీ కిటికీ, మసీదు గుర్తించండి. ఇంకో కాగితం మీద ఎవరికి వారు, మగవాళ్లతో సహా, గత నెల రోజుల సొంత పటం గీసుకోండి: పూర్ణా మార్కెట్, బీచ్ రోడ్డు, ఆర్టీసీ కాంప్లెక్స్. ఒంటరిగా వెళ్లారా, ఎవరికి చెప్పి వెళ్లారు, ఎన్నింటికల్లా తిరిగి రావాల్సి వచ్చింది? ఇది చేయకపోతే చర్చ ‘పాపం అరబ్బు ఆడవాళ్లు’ దగ్గరే ఆగిపోతుంది.

ఇక భాష. అరబ్బీలో ‘నువ్వు’ రెండు రకాలు: మగవాడికి అన్త, ఆడమనిషికి అన్తి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ తేడా మాయమవుతుంది. మనుషులు కాని బహువచనాలకు అరబ్బీలో స్త్రీ ఏకవచన క్రియే వస్తుంది. మన తెలుగులోనూ ఆడమనిషికీ వస్తువుకూ ఒకటే క్రియ: ఆమె వచ్చినా బస్సు వచ్చినా ‘వచ్చింది’ అనే అంటాం. అందుకే చర్చలో ఒకరు కేవలం మాటలు రాసుకోవడానికి కూర్చోవాలి. భర్తను ‘ఆయన’ అంటూ, ఫిర్దౌస్‌ను ‘అది’ అంటూ ఎవరు ఎన్నిసార్లు కథ చెప్పారో లెక్కపెట్టి చివర్లో చదివి వినిపించండి.

పొరపాట్లు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. అనువాదంలో ‘డౌరీ’ కనబడగానే మనవాళ్లు కట్నం అనుకుంటారు. చాలాచోట్ల అది మహర్, అంటే వరుడు వధువుకు ఇవ్వాల్సింది. అలాంటి చోటల్లా ఎవరు ఇచ్చారు, ఎవరి చేతికి చేరింది అని రెండు గడులు గీసి నింపండి. ఆమెకు చెందాల్సిన సొమ్ము ఎక్కడ దారి మళ్లిందో అప్పుడు కనబడుతుంది.

రెండోది, తప్పంతా మతం మీదకు నెట్టేయడం. ఫిర్దౌస్ బాబాయి కైరోలోని ఇస్లామిక్ విద్యాపీఠం అల్ అజ్‌హర్‌లో చదివినవాడే, నిజమే. కానీ విప్లవం మాటలు చెప్పి, ఆఖరికి కంపెనీ ఛైర్మన్ కూతురిని చేసుకోబోయే ఇబ్రహీం, ఫిర్దౌస్ ప్రేమించిన తోటి ఉద్యోగి, సంగతేమిటి? ఆ భాగం దాటేసినవాళ్లు నవల సగమే చదివినట్టు. నాలుగో ఆదివారం బాబాయి పేజీలూ ఇబ్రహీం పేజీలూ పక్కపక్కన పెట్టి, వంతులవారీగా పైకి చదవండి.