టెక్కా సెంటర్‌లో తిన్నాక ట్రే ఎక్కడ పెట్టాలి?

సింగపూర్‌లోని లిటిల్ ఇండియాకు వెళితే టెక్కా సెంటర్ తప్పక చూడండి. బిర్యానీ, చైనా నూడుల్స్, మలయ్ వంటలు ఒకే కప్పు కింద దొరుకుతాయి. పక్కనే ఉన్న చేపలు, కూరగాయల సంతకు మాత్రం పొద్దున్నే వెళ్ళాలి.

ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అక్కడ కూర్చోవద్దు. ఎవరో చోటు పట్టుకుని తిండి తేవడానికి వెళ్ళారన్నమాట. మీరూ అలాగే పట్టుకోవచ్చు.

తిన్నాక ట్రే, పళ్ళాలు మనమే తీసి పెట్టాలి. 2021 నుంచి ఇది తప్పనిసరి, జరిమానా కూడా ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, హలాల్ పళ్ళాలకు ఒక అర, మిగతావాటికి వేరే అర ఉంటాయి. పంది మాంసం తిన్న పళ్ళెం పొరపాటున కూడా హలాల్ అరలో పెట్టకండి. ఇన్ని మతాలవారు పక్కపక్కనే నిశ్చింతగా తినగలుగుతున్నారంటే ఇలాంటి జాగ్రత్తల వల్లే. అర మీది బోర్డు చూడండి. అర్థం కాకపోతే అక్కడ శుభ్రం చేసేవారిని అడగండి.