కాన్పు తర్వాత పొట్టకు శస్త్రచికిత్స: ఎవరికి ఏది అవసరం?

బిడ్డకు ఏడాది నిండినా, ఒంటి బరువు కాన్పుకు ముందున్న అంకెకే తిరిగి వచ్చినా, పొట్ట మాత్రం ఐదో నెల గర్భంలా ముందుకు పొడుచుకొని ఉండటం, పెళ్లిళ్లలో కనిపించిన చుట్టాలు "మళ్లీ విశేషమా?" అని అడగటం చాలామంది తల్లులకు అనుభవమే. దీనికి ఆపరేషన్ ఉందని తెలిసి ఆసుపత్రికి వెళ్లేవారు ముందుగా ఖర్చెంత అని అడుగుతారు. నిజానికి ముందుగా తేల్చుకోవలసింది తమ పొట్టలో ఏ పొర చెడిందన్నది. చర్మం సాగిందా, కొవ్వు పేరుకుందా, కండరాల నడుమ ఉండే పట్టీ వదులైందా, ఆ పట్టీలో రంధ్రం పడిందా అన్నదాన్ని బట్టి చికిత్స పూర్తిగా మారిపోతుంది. ఒక పొరకు చేసే ఆపరేషన్ మరో పొరలోని లోపాన్ని సరిచేయదు. డబ్బు ఖర్చుపెట్టి కూడా నిరాశపడినవారి విషయంలో జరిగేది ఎక్కువగా ఇదే.

ముందు ఇంట్లో చూసుకోవలసినవి

పొట్ట ముందు భాగంలో ఛాతీ ఎముక దిగువ నుంచి మర్మాంగం పైనుండే ఎముక వరకు, బొడ్డుకు అటూ ఇటూ, రెండు పొడవాటి కండరాలు నిలువుగా ఉంటాయి. వీటిని రెక్టస్ కండరాలంటారు. ఆ రెండింటినీ నడుమ కలిపి ఉంచేది లీనియా ఆల్బా అనే తెల్లని గట్టి పట్టీ. గర్భం పెరిగేకొద్దీ ఈ పట్టీ అడ్డంగా సాగి పలచబడుతుంది, కండరాలు పక్కలకు జరుగుతాయి. ఇది నెలలు నిండిన గర్భిణులందరిలో కొద్దో గొప్పో జరిగేదే, కాన్పు తర్వాత చాలామందిలో చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోకుండా 2 సెంటీమీటర్లకు మించి ఎడం మిగిలిపోతే దాన్ని డయాస్టాసిస్ రెక్టై అంటారు.

దీన్ని తెలుసుకోవడానికి యంత్రమేమీ అవసరం లేదు. చాప మీద వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆనించి, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు కలిపి బొడ్డుకు కాస్త పైన అడ్డంగా ఆనించి, తలను, భుజాలను మాత్రం నేలనుంచి కొద్దిగా పైకి లేపాలి. రెండు కండరాల అంచులు బిగుసుకొని వేళ్లకు ఇరుపక్కలా తగులుతాయి. ఆ నడుమ ఎన్ని వేళ్లు పడుతున్నాయో, అక్కడ ఎంత మెత్తగా లోపలికి దిగుతున్నాయో చూసుకొని, బొడ్డు దగ్గర, బొడ్డుకు కింద కూడా ఇలాగే చేయాలి. రెండు వేళ్లకు మించి పట్టినా, తల లేపినప్పుడు నడుమ గట్టులాగా ఉబికినా వైద్యునికి చూపించుకోవడం మంచిది. వేళ్ల కొలత ఉరామరికే పనికొస్తుంది. ఆపరేషన్ నిర్ణయానికి అల్ట్రాసౌండ్ లేదా సీటీ స్కాన్‌తో తీసిన కొలతే ఆధారం కావాలి.

పట్టీ సాగడం వేరు, దానిలో రంధ్రం పడటం వేరు. రంధ్రం పడితే దానిలోంచి లోపలి కొవ్వో, పేగో బయటికి తోసుకొస్తుంది. అదే హెర్నియా, ఇళ్లలో పేగు జారిందనేది దీన్నే. దగ్గినప్పుడు బొడ్డు దగ్గర గోళీకాయంత బుడిపె లేచి, పడుకుంటే లోపలికి పోతుంటే అది బొడ్డు హెర్నియా కావచ్చు. పాత ఆపరేషన్ గాటు దగ్గర లేస్తే కోత హెర్నియా అంటారు. ఆ బుడిపె గట్టిపడి, లోపలికి పోకుండా, నొప్పి, వాంతులు, పైచర్మం రంగు మారడం వంటివి కనిపిస్తే రేపు చూద్దామనుకోకూడదు. పేగు ఇరుక్కొని రక్తప్రసారం ఆగిపోయే ప్రమాదం ఉంటుంది గనుక అర్ధరాత్రయినా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇక కొవ్వు విషయం. చర్మం కింద పేరుకున్న కొవ్వు రెండు వేళ్ల నడుమ పట్టుకుంటే చేతికి వస్తుంది. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు చేతికి రాదు, అటువంటివారి పొట్ట వెల్లకిలా పడుకున్నా గుండ్రంగానే నిలుస్తుంది. ఈ రెండో రకాన్ని ఏ సర్జనూ కోసి తీయలేడు. తిండి, నడక, బరువు తగ్గడమే దానికి మార్గం, ఆ తర్వాతే ఆపరేషన్ మాట.

తొందరపడకూడదనడానికి కారణాలు

"ఎలాగూ పొట్ట కోస్తున్నారు, సిజేరియన్‌తో పాటే సాగిన చర్మం కూడా తీసేయండి" అని అడిగేవారున్నారు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారానే జరిగాయి కనుక ఈ కోరిక తరచుగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆనాటికి గర్భాశయం ఇంకా పెద్దదిగా ఉంటుంది, చర్మంలోనూ కండరాల పొరల్లోనూ నీరు చేరి ఉంటుంది, రక్తం గడ్డకట్టే స్వభావం శరీరంలో ఎక్కువగా ఉంటుంది. ఏ చర్మం తనంతట తాను ముడుచుకుంటుందో, ఏది మిగులుతుందో అప్పుడు ఎవరూ చెప్పలేరు. కాబట్టి అది కలిపి చేయవలసిన ఆపరేషన్ కాదు.

సిజేరియన్ వల్లనే పొట్ట ఇలా అయిందనే నమ్మకం కూడా పూర్తిగా సరికాదు. సిజేరియన్‌లో చర్మాన్ని అడ్డంగా కోసినా, రెక్టస్ కండరాలను సాధారణంగా కోయరు, నడుమనుంచి పక్కలకు జరుపుతారు. పట్టీ సాగడానికి కారణం గర్భమే, సహజ కాన్పు అయినవారిలోనూ ఇది వస్తుంది. గాటు మీదుగా మడతలా వేలాడే చర్మానికీ, కోత హెర్నియాకూ మాత్రం సిజేరియన్‌తో సంబంధం ఉంది.

మొదటి ఆరు నెలలు ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో లోపలి పొట్ట కండరాలను, కటి కండరాలను బలపరిచే వ్యాయామాలకు కేటాయించాలి. ఎడం మొత్తం పూడకపోయినా చాలామందికి నడుము పట్టు తిరిగి వస్తుంది. మన ఇళ్లలో బాలింత పొట్టకు పాతచీర బిగించి కట్టే అలవాటు కొంత ఊతమిస్తుందే తప్ప, సాగిన పట్టీని అతికించలేదు. శస్త్రచికిత్సకు సాధారణంగా చివరి కాన్పు తర్వాత ఏడాది ఆగడం, పాలు మాన్పించి కొన్ని నెలలు గడవడం, బరువు కొంతకాలంగా నిలకడగా ఉండటం అవసరం. ఇంకో బిడ్డ కావాలనుకునేవారు ఆగడమే మేలు. ఆపరేషన్ తర్వాత గర్భం దాల్చడం ప్రమాదమని కాదు గానీ, కుట్టి బిగించినది మళ్లీ సాగుతుంది. బాధ పెట్టని చిన్న బొడ్డు హెర్నియా కూడా సర్జన్ సలహాతో అప్పటిదాకా ఆగవచ్చు. నొప్పి పెట్టేది ఆగకూడదు.

ఏ లోపానికి ఏ ఆపరేషన్

హెర్నియా ఒక్కటే ఉంటే జనరల్ సర్జన్ సరిపోతారు. రంధ్రం ఒక సెంటీమీటరు లోపు ఉంటే కుట్టు మాత్రమే వేయవచ్చు. అంతకు మించితే మెష్ అనే సన్నని వలను అమర్చడం మంచిది, ఎందుకంటే మెష్ వేసినవారిలో హెర్నియా తిరిగి రావడం తక్కువ. దీన్ని కోసి గానీ, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసే లాపరోస్కోపీ ద్వారా గానీ చేస్తారు. ఇక్కడ జాగ్రత్తగా గమనించవలసిన సంగతి ఒకటుంది. బొడ్డు హెర్నియాతో పాటు కండరాల ఎడం కూడా ఉన్నప్పుడు, రంధ్రాన్ని మాత్రమే మూసి పలచబడిన పట్టీని అలాగే వదిలేస్తే, హెర్నియా తిరిగి వచ్చే అవకాశం పెరుగుతుంది. అందువల్ల "నాకు డయాస్టాసిస్ కూడా ఉందా, దానికి మీరేం చేస్తారు?" అని సర్జన్‌ను అడిగి తీరాలి.

చర్మం బిగువుగానే ఉండి కండరాల ఎడం, చిన్న హెర్నియా మాత్రమే ఉన్నవారికి ఎండోస్కోపీ పద్ధతి ఉంది. పొత్తికడుపు దిగువన చిన్న రంధ్రాలు చేసి, చర్మాన్ని, కొవ్వును కండరాల నుంచి విడదీసి, కెమెరాలో చూస్తూ నడిమి పట్టీని కుట్టి, అవసరమైతే పైన మెష్ పరుస్తారు. గాట్లు చిన్నవే, కానీ లోపల విడదీసిన చోటు విశాలం కాబట్టి అక్కడ నీరు చేరడం తరచుగా కనిపించే ఇబ్బంది. చర్మం వేలాడుతున్నవారికి ఈ పద్ధతి తగదు, ఎందుకంటే ఇందులో చర్మం తీసివేయరు.

చర్మం, కండరాలు రెండూ సాగినవారికి చేసేది అబ్డామినోప్లాస్టీ, అంటే టమ్మీ టక్. ఈ పేరులోని టక్కు, మన టైలర్లు జాకెట్టుకు పట్టే టక్కు ఒకటే, చేసే పని కూడా ఇంచుమించు అదే. ఆపరేషన్‌కు ముందు సర్జన్ రోగిని నిలబెట్టి, లోదుస్తుల అంచు ఎక్కడికి వస్తుందో చూసి, మార్కర్‌తో ఒక తుంటి ఎముక నుంచి మరో తుంటి ఎముక దాకా గీత గీస్తారు. మత్తు ఇచ్చాక ఆ గీత వెంట కోసి, చర్మాన్ని కొవ్వుతో సహా పక్కటెముకల దాకా దుప్పటిలా పైకి లేపుతారు. బొడ్డును మాత్రం దాని కాడతో పాటు ఉన్నచోటే వదిలేస్తారు. సాగిన పట్టీని పైనుంచి కిందిదాకా మడిచి, బలమైన దారంతో కుట్టి, కండరాల అంచులను ఒకచోటికి తెస్తారు. తర్వాత చర్మాన్ని కిందికి లాగి, మిగిలినదాన్ని కత్తిరించి, బొడ్డుకు కొత్త రంధ్రం చేసి బయటికి తీసి కుడతారు. పాత సిజేరియన్ మచ్చ చాలాసార్లు కత్తిరించిన చర్మంతో పాటే పోతుంది, దాని బదులు అంతకంటే చాలా పొడవైన కొత్త మచ్చ వస్తుంది. ఈ బేరం తమకు సమ్మతమేనా అని ఆపరేషన్‌కు ముందే ఆలోచించుకోవాలి. బొడ్డు హెర్నియా ఆపరేషన్ ఇంతకుముందే అయినవారు, కు.ని. ఆపరేషన్‌లో బొడ్డు దగ్గర కోత పడినవారు ఆ విషయం తప్పక చెప్పాలి, ఎందుకంటే బొడ్డు కాడకు రక్తప్రసారం తగ్గి ఉండవచ్చు.

బొడ్డుకు దిగువన మాత్రమే చర్మం వేలాడుతుంటే మినీ టమ్మీ టక్ చాలు. మచ్చ చిన్నది, బొడ్డును కదిలించరు, కానీ బొడ్డుకు పైనున్న ఎడాన్ని దీనితో సరిచేయడం కష్టం. చాలా ఎక్కువ బరువు తగ్గి అడ్డంగానూ చర్మం మిగిలినవారికి నిలువు కోత కూడా పెడతారు.

ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును మాత్రమే తీస్తుంది. కండరాలు దగ్గర కావు, వదులు చర్మం బిగువు కాదు, పైగా కింది కొవ్వు పోయాక చర్మం ఇంకా జారినట్టు కనిపించవచ్చు. సాగిన పొట్టకు లైపో ఒక్కటే చాలని చెప్పేచోట రెండో అభిప్రాయం తీసుకోకుండా అడ్వాన్సు కట్టడం తెలివైన పని కాదని నా ఉద్దేశం.

ఎవరితో చేయించుకోవాలి, ఏం అడగాలి

టమ్మీ టక్ చేసేవారు ఎంబీబీఎస్, ఎంఎస్ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా దానికి సమానమైన డీఎన్‌బీ అర్హత ఉన్నవారై ఉండాలి. బోర్డు మీద కాస్మెటిక్ అన్న మాట ఉండటం అర్హత కాదు. మత్తు వైద్యులు, ఐసీయూ అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. హెర్నియా, చర్మం రెండూ ఉంటే జనరల్ సర్జన్, ప్లాస్టిక్ సర్జన్ కలిసి ఒకే మత్తులో చేయగలరు. బీమా కంపెనీలు హెర్నియాకు నిరీక్షణ కాలం తర్వాత సాధారణంగా చెల్లిస్తాయి, అందం కోసం చేసే శస్త్రచికిత్సకు చెల్లించవు. రెండూ కలిపి చేయించుకునేవారు ఏ భాగానికి ఎంత అన్నది విడివిడిగా ముందే రాయించుకోవాలి.

మధుమేహం, రక్తహీనత ఉంటే ముందు వాటిని అదుపులోకి తేవాలి. పొగతాగే అలవాటుంటే కనీసం నాలుగు వారాల ముందే మానాలి, లేకపోతే గాయం అంచు నల్లబడి చచ్చిపోయే ప్రమాదముంది. గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే అవకాశాన్ని పెంచుతాయి గనుక వాడుతుంటే చెప్పాలి. నడుము నొప్పి కొందరికి తగ్గుతుంది, అయితే తప్పకుండా పోతుందని మాట ఇచ్చే వైద్యుణ్ణి కాస్త అనుమానించవలసిందే.

ఆపరేషన్ తర్వాత

టమ్మీ టక్ చేయించుకున్నవారు మొదటి వారం నడుము కొద్దిగా వంచే నడవాలి, మోకాళ్ల కింద దిండు పెట్టుకొనే పడుకోవాలి. గాయం దగ్గర అమర్చిన గొట్టం చివర చిన్న రబ్బరు బల్బు ఉంటుంది. దానిలో చేరే ఎర్రని నీటిని రోజూ కొలిచి, తేదీ వేసి రాసుకోవాలి. రోజుకు సుమారు 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గాక సర్జన్ దాన్ని తీసేస్తారు. పొట్టకు బిగించే బెల్టు దాదాపు ఆరు వారాలు వాడాలి. మంచానికే అతుక్కుపోకుండా మొదటి రోజునుంచే కొద్దికొద్దిగా నడవడం తప్పనిసరి, ఎందుకంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడమే ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే భయపడవలసిన చిక్కు. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడి చీము కారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లోవారు ముందే సిద్ధపడవలసిన విషయం ఒకటుంది. నాలుగు నుంచి ఆరు వారాల దాకా తల్లి బిడ్డను ఎత్తుకోకూడదు, నీళ్ల బిందె, గ్యాస్ సిలిండరు కదిలించకూడదు. రెండేళ్ల పిల్లవాడికి ఈ నియమం తెలియదు, పరిగెత్తుకొచ్చి చేతులు చాస్తాడు. తల్లి కూర్చొని ఉంటే మరొకరు వాణ్ణి ఒళ్లో పెట్టాలి. కాబట్టి అమ్మో, అత్తగారో, భర్తో ఆ ఆరు వారాలు ఇంట్లో ఉండగలరో లేదో చూసుకున్నాకే ఆపరేషన్ తేదీ ఖాయం చేయాలి.

బొడ్డుకు కింద చర్మం నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది. వేడినీళ్ల సంచి పెట్టుకుంటే కాలినా తెలియదు గనుక పెట్టుకోకూడదు. మచ్చ మొదట ఎర్రగా, గట్టిగా ఉండి, పలచబడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. గాయం పూర్తిగా మానాక సర్జన్ సలహాతో సిలికాన్ జెల్ వాడవచ్చు. చెవులు కుట్టించుకున్న చోట గాని, పాత సిజేరియన్ గాటు మీద గాని కెలాయిడ్, అంటే ఉబ్బెత్తుగా పెరిగే మచ్చ, లేచినవారు మాత్రం ఆ మచ్చను మొదటి సంప్రదింపులోనే సర్జన్‌కు చూపించాలి.