పాత దస్తావేజుల్లో తాతముత్తాతల జాడ

విశాఖపట్నంలో ఒక సాధారణ కుటుంబ చరిత్రను వెదకదలచినవారు మొదట ఇంట్లోని పాత దస్తావేజును, లేదా పెద్దలు నివసించిన ఊరి పేరును, ఇంటిపేరుతో సహా రాసుకోవాలి. ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది గనుక, అంతకుముందు లావాదేవీలకు ఆ ఊరు ఏ సబ్‌రిజిస్ట్రార్ పరిధిలో ఉండేదో తెలుసుకుని, అక్కడ పేర్ల ఇండెక్సు వెదికించి, నకలు తీసుకోవాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్ని రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు.

నకలులో ధర కన్నా మొదటి పంక్తులు విలువైనవి: ఫలానా వారి కుమారుడు, ఫలానా గ్రామ కాపురస్థుడు, వ్యవసాయం. తూర్పు, పడమర హద్దుల్లోనూ అన్నదమ్ముల పేర్లు తరచు కనిపిస్తాయి, వాటిని విడిచిపెట్టరాదు.

జిల్లాలో చాలా గ్రామాలు జమీందారీలవి కాబట్టి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌ను (గ్రామ భూముల వివరాల రిజిస్టరును) తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. భూమి లేని కుటుంబానికి పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు, క్రైస్తవులకైతే చర్చి బాప్తిస్మ రిజిస్టరు మేలు. ఒకే వ్యక్తి పేరు వేర్వేరు చోట్ల అప్పన్న, అప్పలస్వామి అని ఉండవచ్చు. తండ్రి పేరు కలిస్తేనే నమ్మాలి.