రాత్రి రెండింటికి చేసిన ఫోన్

కడపలో డిగ్రీ రెండో ఏడాది చదివేటప్పుడు మూడు నెలలు నాకు సరిగ్గా నిద్ర లేదు. ఊర్లో చీనీ చెట్లు ఎండిపోయాయి, నాయన అప్పుల్లో ఉన్నాడు, నాకు రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్తే వాళ్లకు ఇంకో బరువని నోరు మూసుకున్నాను.

సాయంత్రాలు దేవుని కడప గుడికి పోయి కూర్చునేదాన్ని. ఉగాదికి ముస్లింలు కూడా వచ్చి మొక్కే గుడి అది. అక్కడ గుండె తేలికయ్యేది. హాస్టల్‌కి రాగానే మళ్లీ అదే టెన్షన్. నా భక్తిలోనే లోపముందేమోనని ఇంకా కుమిలిపోయాను.

ఒక రాత్రి రెండింటికి 14416కి ఫోన్ చేశాను. అది మనసు బాగాలేనివాళ్లకు సాయం చేసే హెల్ప్‌లైన్, పేరు టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. ఖర్చు లేదు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అని ఫోన్ ఎత్తిన మేడం నేరుగా అడిగారు. అంతవరకు ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. అవునని చెప్పి చాలాసేపు ఏడ్చాను. ఆమె ఓపికగా విన్నారు. "గుడికి పోవడం మానొద్దు, డాక్టర్ దగ్గరికి కూడా పో" అన్నారు.

మరుసటి వారం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి పోయాను. ఒక్కదాన్నే పోవడానికి భయమేసి రూమ్మేట్‌ను తోడు తీసుకెళ్లాను. మందులు రాశారు, ప్రభావం కనపడటానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. అలాగే పట్టింది. ఆ మధ్యలోనే అవ్వకు అంతా చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, బస్సెక్కి వచ్చేసింది.