తక్కువ బడ్జెట్‌లో హోమ్ థియేటర్, మూడో పాఠం: ముందు మాట వినపడాలి

పోయిన రెండు పాఠాల్లో హాలు కొలతలు తీసుకున్నాం, ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో ఒక వారం పాటు కాగితం మీద రాసుకున్నాం కదా, ఆ కాగితం పక్కన పెట్టుకుని ఇది చదవండి, ఇవాళ డబ్బు లెక్క. చేతిలో 20 వేలు, హాలు 12 బై 10 అడుగులు, సోఫా వెనక గోడకి ఆనించి ఉంది అనుకుందాం, మన అపార్ట్‌మెంట్లలో చాలావరకు ఇంతే.

మా ఇంట్లో మొదట కొన్నది 5.1 సెట్టే. ఐదు చిన్న డబ్బాలు, బేస్ ఇచ్చే సబ్‌వూఫర్ అనే ఒక పెద్ద డబ్బా, అట్టపెట్టె మీద వేలల్లో వాట్లు. బిగించిన రోజు అందరం సంబరపడ్డాం, వారం తిరక్కుండానే మా అమ్మ రిమోట్ కింద పెట్టడం మానేసింది, మాటలొస్తే పెంచడం, ఫైట్ రాగానే తగ్గించడం, మళ్ళీ పెంచడం. "సౌండ్ బోలెడు ఉందిరా, మాటే తెలీట్లేదు" అంది. ఎందుకో నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది, మీకు ఇవాళే చెప్పేస్తాను.

చిన్న డబ్బాలో రెండున్నర అంగుళాల స్పీకర్ ఉంటే అది 200 హెర్ట్జ్ (స్వరం ఎంత పైదో కిందదో చెప్పే కొలత) దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది, ఆ కిందదంతా సబ్‌వూఫర్ మొయ్యాలి. మగవాళ్ళ గొంతు మూల స్వరం సుమారుగా 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే తెర మీద మనిషి మాట్లాడుతుంటే గొంతులో పై భాగం టీవీ కింద నుంచి, అడుగు భాగం మూలన కర్టెన్ వెనకున్న డబ్బాలోంచి వస్తాయన్నమాట, మాట రెండు ముక్కలైపోతుంది. 80 హెర్ట్జ్ కన్నా కిందకి వెళ్తే శబ్దం ఎటునుంచి వస్తుందో చెవికి పెద్దగా పట్టుబడదు, అందుకే సబ్‌వూఫర్ పక్కకి ఉన్నా చెల్లుతుంది, 200 దగ్గర మాత్రం బాగానే పట్టుబడుతుంది. చిన్న డబ్బాల పనికీ సబ్‌వూఫర్ పనికీ మధ్య గీత ఎక్కడ గీశారో దాన్నే క్రాసోవర్ అంటారు. అది 80 నుంచి 120 లోపు ఉంటే మంచిది.

షాపులో అడిగితే ఈ అంకె చాలామందికి తెలీదు, స్పెసిఫికేషన్ కాగితంలో కూడా ఒక్కోసారి ఉండదు. అప్పుడు ఇలా చెయ్యండి. మగ యాంకర్ చదివే న్యూస్ పెట్టమనండి, సంగీతం వద్దు, ఉత్త మాటలే, సబ్‌వూఫర్ దగ్గర వంగి చెవి పెట్టండి. లోపల ఎవరో మూలిగినట్టు ముద్దగా, తెలిసీ తెలియనట్టు ఉంటే ఫర్వాలేదు. ఏం చదువుతున్నాడో మీరు పట్టుకోగలిగితే ఆ సెట్ వదిలెయ్యండి, ఎన్ని స్పీకర్లున్నా సరే. కోఠి గుజరాతీ గల్లీలో అయినా, మీ ఊళ్ళో మెయిన్ రోడ్ షోరూంలో అయినా ఈ పరీక్షకి రెండు నిమిషాలు చాలు.

ఇక వాట్లు. పెట్టె మీద పీఎంపీఓ (ఒక్క క్షణం పాటు వచ్చే పవర్ పేరుతో వేసే అంకె) అని రాసి ఉంటే ఆ అంకెని పూర్తిగా మర్చిపోండి, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే పవర్) అని ఉన్నదే చూడండి. అదీ అనుమానంగా ఉంటే డబ్బా వెనక్కి తిప్పి, కరెంటు ఎంత తీసుకుంటుందో రాసిన చిన్న స్టిక్కర్ చదవండి. మంచి కంపెనీలు కూడా మామూలుగా వినే స్థాయిలో కొలిచి రాస్తుంటాయి కాబట్టి అది కచ్చితమైన లెక్క కాదు, కానీ గోడ నుంచి తీసుకునేది 60 వాట్లు, స్పీకర్లకి ఇచ్చేది 1000 వాట్లు అంటే నమ్మేదెలా? ఇంకో సంగతి, వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. 40కీ 60కీ తేడా కోసం మూడు వేలు ఎక్కువ పెట్టకండి, పదడుగుల దూరంలో కూర్చునేవాళ్ళకి అది తెలియదు. బదులుగా స్పీకర్ సెన్సిటివిటీ, అంటే అంతే పవర్‌కి ఎంత సౌండ్ ఇస్తుందో చెప్పే అంకె చూడండి, 85 డెసిబెల్స్ స్పీకర్ కన్నా 88 ఉన్నది సగం పవర్‌తోనే అంత సౌండ్ ఇస్తుంది.

ఇప్పుడు మీ కాగితం తియ్యండి. అందులో ఎక్కువ గంటలు యూట్యూబ్, కేబుల్ సీరియళ్ళు, న్యూస్ ఉంటే వచ్చేది దాదాపు అంతా స్టీరియోనే, వెనక పెట్టిన స్పీకర్లకి పంపడానికి విడిగా ఏమీ ఉండదు. ఓటీటీలో సినిమాలు ఎక్కువ చూస్తే 5.1 ట్రాక్ చాలాసార్లు దొరుకుతుంది, అప్పుడు ఆలోచించొచ్చు. కానీ 5.1లో పక్క స్పీకర్లు మనకి కాస్త వెనకగా, తెర వైపు నుంచి కొలిస్తే 110, 120 డిగ్రీల దగ్గర ఉండాలి, సోఫా గోడకి ఆనుకుని ఉంటే ఆ జాగా ఎక్కడిది? రెండడుగులైనా ముందుకి జరిపే వీలుందో లేదో ఇంట్లోవాళ్ళని అడిగాకే ఐదు స్పీకర్ల జోలికి వెళ్ళండి.

ఇక 20 వేలకి నా మాట ఏంటంటే, సోఫాలో ఒకళ్ళిద్దరే మధ్యలో కూర్చుని చూసే ఇల్లయితే రెండు మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, నాలుగంగుళాలకి తగ్గని డ్రైవర్ (డబ్బాలో శబ్దం పుట్టించే గుండ్రటి భాగం) ఉన్నవి, ఒక చిన్న యాంప్లిఫయర్. మధ్యలో కూర్చుంటే రెండు పక్కల నుంచీ సమానంగా వచ్చే గొంతు సరిగ్గా తెర మధ్యలోంచే వచ్చినట్టు ఉంటుంది. పిల్లలు కింద చాప మీద, తాతయ్య పక్క కుర్చీలో, అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నుంచి చూసే ఇల్లయితే ఆ మాయ పనిచెయ్యదు, పక్కకి జరిగిన కొద్దీ మాట దగ్గరున్న స్పీకర్ వైపు లాగేస్తుంది, వాళ్ళకి సెంటర్ స్పీకర్ విడిగా ఉన్న 3.1 సౌండ్‌బార్ (ముందు మూడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) మేలు. పదివేల లోపే ఉంటే 2.1 సౌండ్‌బార్, అంతే, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

సెకండ్ హ్యాండ్ అంటే భయపడకండి, రిసీవర్‌కి (టీవీ సౌండ్ తీసుకుని స్పీకర్లన్నిటినీ నడిపే యాంప్లిఫయర్ పెట్టె) ఏఆర్‌సీ, అంటే టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే వెనక్కి పంపే ఏర్పాటు, ఉందో లేదో చూసుకోండి చాలు. ఏఆర్‌సీ అనేది 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. బొమ్మ టీవీలోనే ఉంటుంది, సౌండ్ ఒక్కటే కేబుల్‌లో వెనక్కి వస్తుంది, కాబట్టి పాత రిసీవర్‌కి 4కే తెలియకపోయినా ఇబ్బంది లేదు. పాత స్పీకర్ అయితే కోన్ చుట్టూ ఉండే అంచు చూడండి, ఫోమ్ అయితే ఏళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బర్ అయితే ఎక్కువ కాలం నిలుస్తుంది. రెండు వేళ్ళతో కోన్‌ని మెల్లగా, సమానంగా లోపలికి నొక్కండి, గరగరమంటే కాయిల్ రాసుకుంటోంది, తీసుకోవద్దు.

బ్లూటూత్‌తో టీవీకి కలిపితే పెదాలు ముందు, మాట వెనక అవుతుంది, పైగా స్టీరియో వరకే. ఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్ట్‌కే కలపండి, పక్క పోర్ట్‌కి కలిపితే టీవీ సౌండ్ రాదు. 5.1 కొన్నవాళ్ళు టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియోని పీసీఎం నుంచి ఆటో లేదా పాస్‌త్రూకి మార్చాలి, ఏఆర్‌సీలో పీసీఎం అంటే రెండు ఛానెళ్ళే, ఇది తెలియక వెనక స్పీకర్లు పాడయ్యాయని షాపుకి తిరిగినవాళ్ళని నేను చూశాను.

ఈ వారం పని: ఫోన్‌లో మూడు ముక్కలు పెట్టుకుని రెండు షాపులకి వెళ్ళండి. వాన పడుతుండగా ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీన్ ఒకటి, మృదంగం బాగా వినిపించే కచేరీ ఒకటి, మగ యాంకర్ న్యూస్ ఒకటి. బేస్ బూస్ట్ తీసెయ్యమనండి. రెండు సెట్లు పోల్చేటప్పుడు సౌండ్ సమానంగా పెట్టించుకోండి, కాస్త గట్టిగా ఉన్నదే ఎప్పుడూ బాగున్నట్టు అనిపిస్తుంది, ఫోన్‌లో డెసిబెల్ యాప్ ఉంటే చాలు. మృదంగం ఎడమ వైపు వాయిస్తే తోం అని వచ్చి ఆగాలి, బూమ్మ్ అని సాగకూడదు. చివర్లో వాల్యూమ్ బాగా తగ్గించి, వాన సీన్ మళ్ళీ పెట్టి, ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో కాగితం మీద రాయండి. ఎన్ని మాటలు రాయగలిగారో ఒక్కో సెట్ పేరు పక్కన వేసుకోండి, నాలుగో పాఠంలో ఆ కాగితంతోనే మొదలుపెడదాం.