కెమెరా సెన్సర్‌ను ఇంట్లోనే శుభ్రం చేసుకోవడం ఎలా?

ఏ లెన్సు తగిలించినా ఫొటోలోని ఆకాశంలో ఒకే చోట బూడిదరంగు మచ్చ పడుతోందంటే అది సెన్సర్ (కెమెరా లోపల బొమ్మను పట్టే చిప్) మీది దుమ్మే. నిజానికి అది కూర్చునేది సెన్సర్ ముందుండే ఫిల్టర్ గాజు మీద. మనం తుడిచేదీ ఆ గాజునే.

మచ్చ ఎక్కడుందో ముందు చూసుకోండి. అపర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్/16కు తగ్గించి, ఐఎస్ఓ (కాంతికి స్పందించే స్థాయి) 100 పెట్టి, ఫోకస్ పూర్తిగా తప్పించి, తెల్లగోడను ఫొటో తీయండి. ఎఫ్/2.8లో తీసి ‘శుభ్రంగానే ఉంది’ అనుకోవద్దు, అంత పెద్ద అపర్చర్‌లో దుమ్ము నీడ చెదిరిపోయి కనపడదు. బొమ్మ సెన్సర్ మీద తలకిందులుగా పడుతుంది కాబట్టి, ఫొటోలో పైన ఎడమవైపున్న మచ్చ, లెన్సు తీసి మౌంట్‌ (లెన్సు బిగించే చోటు) లోంచి చూస్తే కింద ఎడమవైపు ఉంటుంది.

రబ్బరు బ్లోయర్, సెన్సర్ క్లీనింగ్ ద్రవం, సరైన సైజు స్వాబ్‌లు, అంటే చివర మెత్తటి గుడ్డ ఉన్న పుల్లలు (పెద్ద సెన్సర్ ‘ఫుల్‌ఫ్రేమ్‌’కు 24 మి.మీ., చిన్నదైన ‘ఏపీఎస్-సీ’కి 16 మి.మీ.), నిండా చార్జయిన బ్యాటరీ చాలు. ఫ్యాను ఆపండి. డీఎస్ఎల్ఆర్ (సెన్సర్ ముందు అద్దం ఉండే కెమెరా) అయితే మెనూలోని క్లీనింగ్ మోడ్‌తో అద్దం పైకి లేపండి.

మౌంట్‌ను నేలవైపు వంచి బ్లోయర్‌తో పదిసార్లు ఊదండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. డబ్బాలో నింపి అమ్మే గాలి వాడితే అందులోంచి ద్రవం చిమ్మి గాజు మీద మరక కడుతుంది. మళ్లీ గోడను తీసి చూడండి. మచ్చ పోతే స్వాబ్ జోలికి వెళ్లకండి.

పోకపోతే తడి తుడుపు. పాడుచేసుకునేది ఇక్కడే. బ్లోయర్ వాడకుండా ఎప్పుడూ స్వాబ్ పెట్టొద్దు, గట్టి ఇసుక రేణువు దాని కింద ఇరుక్కుంటే గాజు మీద గీత పడుతుంది. ఆ గీత ఇక పోదు.

ద్రవం రెండు చుక్కలే. స్వాబ్ అంచు మీద వేసి, ఇంకేదాకా పది సెకన్లు ఆగండి. ఎక్కువైతే అంచుల్లోకి కారి, ఆరాక చారలు మిగులుస్తుంది. సెన్సర్ ఒక చివర ఆనించి, కాగితం మీద పెన్ను నడిపేటంత ఒత్తిడితో, రెండో చివర దాకా ఒకే లాగు. మధ్యలో ఆగొద్దు, ఎత్తొద్దు. స్వాబ్ తిప్పి, శుభ్రమైన రెండో వైపుతో వెనక్కి ఇంకో లాగు. అంతే, పారేయండి.

ఒక మిత్రుడు ఒకే స్వాబ్‌తో అద్దం తుడిచినట్టు గుండ్రంగా రుద్ది కెమెరా పట్టుకొచ్చాడు. మూడు మచ్చలు పోయాయి కానీ, మూలల నిండా జిడ్డు వంపులు. దాన్ని సరిచేయడానికి నాలుగు కొత్త స్వాబ్‌లు పట్టాయి.

జిగురు తలున్న కర్రలతో అద్దుకోవడం తేలికంటారు. నేను వాడను. బాడీలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉన్న కెమెరాల్లో సెన్సర్ కదిలే అమరిక మీద ఉంటుంది, దాన్ని అంటించి పైకి లాగడం నాకు సమ్మతం కాదు.

చివరగా మళ్లీ ఎఫ్/16లో గోడ. మచ్చ మిగిలితే కొత్త స్వాబ్‌తో ఇంకోసారి. మూడోసారికీ కదలకపోతే రుద్దడం ఆపి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.