చలి ముదరకముందే చెక్క డెక్‌కు పూత: జాగ్రత్తలు

సెప్టెంబర్ సగం దాటాక అమెరికాలోని మా పెన్సిల్వేనియాలో ఉదయం పూట డెక్ మీద, అంటే ఇంటికి ఆనించి ఆరుబయట పలకలతో కట్టిన చెక్క అరుగు మీద, కాలు పెడితే పాదానికి తడి తగులుతుంది. రాత్రి కురిసిన మంచు అది. మధ్యాహ్నానికి ఎండ బాగానే కాస్తుంది, ఆకులు రాలడం ఇంకా జోరందుకోదు. చెక్క డెక్‌కు పూత వేయడానికి ఈ ఏడాదికి మిగిలిన మంచి రోజులు ఇవే. అక్టోబర్ మధ్యకు రాత్రి వేడిమి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగడం మొదలవుతుంది. ఆ తర్వాత వేసిన పూత సరిగా ఆరదు.

ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మన కుటుంబాల్లో చాలామందికి డెక్ కొత్త. మన ఊళ్ళలో చెక్క అంటే తలుపులు, కిటికీలు, దూలాలు. వాటికి చూరు నీడ ఉంటుంది. సంక్రాంతికో, ఇంట్లో పెళ్ళికో ఒకసారి రంగు వేస్తే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. డెక్‌కు చూరు లేదు. వెల్లకిలా పడుకుని ఎండకూ వానకూ ఎదురుగా ఉంటుంది. వాన నీరు పలక మీదే నిలుస్తుంది, జనవరి మంచు వారాల తరబడి కదలదు. పైగా మన వాకిలి తలుపుల టేకులా చేవదేరిన కర్ర కాదు. ఎక్కువ డెక్‌లు త్వరగా పెరిగే పైన్ కర్రతో, రాగి మందును ఒత్తిడితో లోపలికి ఎక్కించి చేసినవి. ఆ మందు చెదలనూ చీకునూ అడ్డుకుంటుంది కానీ ఎండనూ నీటినీ ఆపలేదు. మందు ఎక్కించిన కర్రకు మళ్ళీ పూత ఎందుకని వదిలేసిన స్నేహితుల డెక్‌లు నాలుగైదేళ్ళకే పగుళ్ళు తేలడం చూశాను.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు కర్ర నారలను కలిపి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొడతాయి. పైభాగం బూడిద రంగుకు తిరిగేది అందుకే. ఆ రంగును చూసి మాత్రం కంగారు పడకండి. పైన్ లాంటి మెత్త కర్ర ఎండావానలకు అరిగేది నూరేళ్ళకు సుమారు 6 మిల్లీమీటర్లే. నీటి చేటు అంతకంటే పెద్దది. వానకు పైభాగం ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, లోపలి కర్ర అలా కదలదు. ఈ లాగులాటలో చీలికలు పుడతాయి. చీలికలో చేరిన నీరు చలికాలంలో గడ్డకట్టి దాన్ని ఇంకా తెరుస్తుంది. కర్రలో తేమ 20 శాతానికి లోబడి ఉన్నంత కాలం చీకు పట్టదు. పూతతో మనం కొనుక్కునేది ఆ పొడితనాన్నే.

ఇక ఏ పూత వేయాలి? దుకాణంలో వరుసగా పేర్చిన డబ్బాలను చూస్తే తల తిరుగుతుంది కానీ, తేల్చుకోవలసింది ఒక్కటే: అది కర్ర మీద పొర కడుతుందా, కర్రలోకి ఇంకుతుందా? పెయింటు, వార్నిష్, కర్రను పూర్తిగా కప్పేసే చిక్కటి స్టెయిన్, ఇవన్నీ పొర కట్టేవి. మేము ఇల్లు కొన్న ఏడాది పిలిచిన పనివాళ్ళు అలాంటి చిక్కటి గోధుమ రంగు వేసి వెళ్ళారు. దీపావళికి వచ్చిన వాళ్ళందరూ మెచ్చుకున్నారు. మరుసటి ఏప్రిల్‌కు అరచేయంత పెచ్చులు లేచాయి. పై పొర ఎంత గట్టిదైనా నీరు స్క్రూల పక్క నుంచి, కోసిన కొనల నుంచి, పలక అడుగు నుంచి కర్రలోకి దూరుతుంది. ఎండకు ఆవిరై బయటికి రాబోతే పొర అడ్డు నిలుస్తుంది, చివరకు పెచ్చై ఊడుతుంది. ఆ మిగిలిన రంగును గీకి తీయడానికి మాకు రెండు వారాంతాలు పట్టింది. అప్పటి నుంచి డెక్ నేలకు ఇంకే పూత తప్ప మరొకటి వేయవద్దని అడిగిన వారందరికీ చెబుతున్నాను. అమెరికా అటవీ శాఖ విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో 1910 నుంచి నడుపుతున్న కలప పరిశోధనశాల సలహా కూడా ఇదే. ఇంకే పూత పెచ్చులు లేవదు. వెలిసిపోతుంది, అంతే. కడిగి మళ్ళీ వేసుకోవచ్చు.

ఇంకే పూతల్లోనూ నీళ్ళలా తేటగా ఉండేదాన్ని ఎంచుకోకండి. అది వానను కొంత ఆపుతుంది కానీ ఎండను ఆపేది అందులో కలిపే రంగు రజనే. డబ్బా మీద సెమీ ట్రాన్స్‌పరెంట్ అని రాసి ఉన్నది తీసుకోండి: కర్ర గీతలు కనబడతాయి, రజనూ ఉంటుంది. మరీ ముదురు రంగు వద్దు, వేసవిలో పసిపిల్లల పాదాలు కాలతాయి. తేనె రంగు మంచిది. మీది ఇపే లాంటి గట్టి కర్ర అయితే మామూలు నూనె లోపలికి పోదు, ఆ కర్రలకని చేసినదే కొనాలి.

డబ్బు ఖర్చు చేసే ముందు డెక్ కిందికి వంగి చూడండి. ఇంటి గోడకు ఆనించి బిగించిన పొడవాటి దూలం ఒకటి ఉంటుంది. డెక్‌లు కూలిపోయే ప్రమాదాల్లో ఎక్కువగా ఊడేది అక్కడే. దాన్ని పొడవాటి బోల్టులతో బిగించారా, ఒట్టి మేకులతోనా? స్క్రూడ్రైవర్ మొనతో అక్కడా, గుంజల అడుగునా పొడవండి. మొన మెత్తగా దిగబడితే పూత సంగతి పక్కన పెట్టి వడ్రంగిని పిలవండి. బంధువులంతా ఒకేసారి నిలబడి ఫోటో దిగే చోటు అది.

డెక్ వయసు కూడా కనుక్కోండి. 2003 చివరి వరకు ఇళ్ళ కోసం అమ్మిన మందుకర్రలో ఆర్సెనిక్ ఉండేది. 2004 నుంచి ఇళ్ళ వాడకానికి దాని తయారీ ఆగింది. మీ డెక్ అంతకు ముందుదైతే గరుకు కాగితంతో రుద్దకండి, యంత్రంతో అసలే వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తీసేసిన ముక్కలను పొయ్యిలో వేయకండి. ఏటా గాని, రెండేళ్ళకొకసారి గాని ఇంకే నూనె పూత వేస్తే ఆర్సెనిక్ పైకి రావడం తగ్గుతుంది. డెక్ పాతదైనా కొత్తదైనా నాదొక విన్నపం: వడియాలు, ఎండుమిరపకాయలు, ఆవకాయ ముక్కలు పలకల మీద నేరుగా ఆరబోయకండి. బల్ల వేసి, దాని మీద పళ్ళెంలోనో శుభ్రమైన గుడ్డ మీదో ఆరబెట్టండి.

శుభ్రం చేయడానికి చాలామంది అద్దెకు తెచ్చిన నీటి యంత్రాన్ని పూర్తి జోరులో వాడతారు. ఆ ధార పైన్ కర్రను దున్నేస్తుంది, నారలు లేచి బొచ్చులా నిలబడతాయి. ఒత్తిడి 600 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటనీయకండి. విసనకర్రలా విచ్చుకునే ముక్కు తగిలించి, అడుగు దూరం నుంచి కడగండి. క్లోరిన్ బ్లీచ్ కంటే సోడియం పెర్కార్బొనేట్ పొడి నయం. నీళ్ళలో కలిపి చల్లి, పావుగంట తడిగా ఉంచి, కొబ్బరి చీపురుతో గాని గట్టి బ్రష్‌తో గాని రుద్దితే పాచి, బూజు వదులుతాయి. తర్వాత ఆక్సాలిక్ ఆమ్లం కలిసిన ద్రావణం చల్లితే మేకుల చుట్టూ ఉన్న నల్ల మచ్చలు పోయి కర్ర రంగు తేరుతుంది. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. పక్కనున్న మొక్కలను ముందే తడిపి ఉంచండి.

కడిగాక కనీసం రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. సెలవు ముగుస్తోందని తొందరపడి చెడగొట్టుకునేది ఇక్కడే. చేతికి పొడిగా తగిలినంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు. తేమ కొలిచే చిన్న పరికరం దుకాణాల్లో దొరుకుతుంది, 15 శాతం కంటే తక్కువ చూపాలి. అది లేకపోతే నాలుగైదు చోట్ల నీటి చుక్కలు వేసి చూడండి. కొద్ది నిమిషాల్లో ఇంకిపోతే కర్ర పూతను తాగుతుంది. కొత్త డెక్ అయితే మందు తాలూకు తడి ఆరడానికి నెలలే పట్టవచ్చు, దానికీ ఇదే పరీక్ష.

పూత వేసే రోజు మంచు ఆరాక, పది గంటల ప్రాంతంలో మొదలుపెట్టి మధ్యాహ్నం రెండు మూడు గంటలకల్లా ముగించండి. వేడిమి 50 నుంచి 90 డిగ్రీల మధ్య ఉండాలి, మరో రెండు రోజులు వాన సూచన ఉండకూడదు. రెండు మూడు పలకలను ఈ కొన నుంచి ఆ కొన దాకా ఒకేసారి పూర్తి చేయండి, మధ్యలో ఆపితే అతుకు కనబడుతుంది. కోసిన కొనలు నీటిని గొట్టంలా పీలుస్తాయి. అక్కడ బ్రష్‌తో మళ్ళీ మళ్ళీ తాగించండి. పావుగంట తర్వాత కూడా ఎక్కడైనా తళతళలాడుతుంటే గుడ్డతో తుడిచేయండి. కర్ర తాగలేక వదిలేసిన నూనె అది, బంకలా మిగిలిపోతుంది.

ఆ తుడిచిన గుడ్డల గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తి లేదు. అవిసె నూనె లాంటి ఆరే నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల తగలకుండానే మంట లేస్తుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో 22వ అంతస్తున పుట్టిన మంటకు కారణం పనివాళ్ళు వదిలి వెళ్ళిన ఇలాంటి నూనె గుడ్డలే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. పని కాగానే ప్రతి గుడ్డనూ విప్పి, ఇంటికి దూరంగా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఆరేయండి. లేదా నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి. గ్యారేజీలోని చెత్తబుట్టలో మాత్రం వేయకండి.

కార్తీక దీపాలు కూడా ఈ రోజుల తర్వాతే వస్తాయి. కొత్తగా నూనె తాగిన చెక్క మీద ప్రమిదలు నేరుగా పెట్టవద్దు. ఇత్తడి పళ్ళెంలో ఇసుక పోసి అందులో పెట్టండి, మెట్ల మీద కాకుండా గాలి తగలని చోట. తులసి కుండీ కిందా చూసుకోండి. రోజూ నీళ్ళు పోసే చోట, కుండీ అడుగు పలకకు అంటుకుని ఉంటే అక్కడి కర్ర ఎప్పటికీ ఆరదు. నాలుగు ఇటుక ముక్కల మీద ఎత్తి పెట్టండి. చలికి తులసిని ఎలాగూ ఇంట్లోకి తెస్తాం, ఆ రోజు కుండీ కింద చోటును ఒకసారి చేత్తో తడమండి.

నవంబర్‌లో పలకల సందుల్లో ఇరుక్కున్న ఆకులను సన్నని పుల్లతో తీసేయండి, లేకపోతే చలికాలమంతా తడి అక్కడే ఉంటుంది. మంచును ప్లాస్టిక్ పారతోనే, పలకల పొడవు వెంట తోయండి. ఇనుప పార పూతను చెక్కేస్తుంది.

ఏప్రిల్‌లో మళ్ళీ నీటి చుక్క పరీక్ష చేయండి. చుక్క ముత్యంలా నిలిస్తే వదిలేయండి. ఇంకిపోయే చోట, సాధారణంగా మెట్ల దగ్గరా తలుపు ముందూ, శుభ్రం చేసి అక్కడికి మాత్రం మళ్ళీ ఒక పూత వేస్తే సరిపోతుంది. నేల మొత్తానికి రెండు మూడేళ్ళకొకసారి పడుతుంది, కటకటాలు ఇంకా ఎక్కువ కాలం ఓర్చుకుంటాయి. అందుకని మిగిలిన డబ్బా మూత మీద రంగు పేరు, వేసిన తేదీ రాసి దాచుకోండి. నీటి ఆధారంగా చేసిన పూత అయితే గ్యారేజీ చలికి గడ్డకట్టి పాడవుతుంది, ఇంట్లో బేస్‌మెంట్‌లో పెట్టండి.